వేడుక – వెచ్చం

పుట్టిన దినాన్ని పండుగగా జరుపుకోవడం మనుషులకు కొత్త కాదు. బిడ్డకు ఒక యేడు నిండిందన్న సంతోషం తల్లికి ఎంత సహజమో, ఆ సంతోషాన్ని నలుగురితో పంచుకోవాలన్న కోరిక అంత సహజం. అయితే గడచిన రెండు దశాబ్దాల కాలంలో ఈ వేడుక స్వరూపం బాగా మారింది. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పట్టణాలలో ఒకప్పుడు ఇంటి పంచలో, ఇరుగుపొరుగు పిల్లల నడుమ ముగిసిన పుట్టినరోజు నేడు కల్యాణమండపానికి చేరింది. తొలి పుట్టినరోజు జరుపుకొనే పసిబిడ్డకూ, అరవై నిండిన తాతగారికీ ‘థీమ్’ పేరుతో ఒక ఇతివృత్తాన్ని నిర్ణయిస్తున్నారు. అడవి, అంతరిక్షం, సముద్రగర్భం, రాజదర్బారు - ఏదో ఒకటి. ఆహ్వానపత్రిక మొదలు వేదిక అలంకరణ వరకు, పిల్లల దుస్తులు మొదలు కేకు ఆకారం వరకు సమస్తం ఆ ఇతివృత్తానికి లోబడి ఉండాలి. నిర్వహించడానికి ప్రత్యేక బృందాలు, చిత్రీకరించడానికి డ్రోన్ కెమెరాలు, ఊరికి చాటడానికి కూడలిలో ఫ్లెక్సీలు. ఈ మార్పు మంచిదా, చెడ్డదా అని ఒక్కమాటలో తేల్చడం తొందరపాటు. వేడుకలో ఏది నిలుపుకోదగినదో, ఏది విడువదగినదో వేరుచేసి చూడడం వివేకం.

పూర్వం తెలుగువారి ఇళ్ళలో పుట్టినరోజుకు ఆంగ్ల తేదీ కంటే మాసం, తిథి, జన్మనక్షత్రం ప్రధానంగా ఉండేవి. తలంటి నీళ్ళు పోసి, కొత్తబట్టలు కట్టించి, పెద్దల కాళ్ళకు మొక్కించేవారు. మార్కండేయుణ్ణీ, అశ్వత్థామ, బలి, వ్యాసుడు మొదలైన చిరంజీవులనూ తలచి, నువ్వులు, బెల్లం కలిపిన పాలు తాగించే ఆచారం కొన్ని కుటుంబాలలో నేటికీ ఉంది. దానిలోని భావం స్పష్టం. ఆయుష్షు మనిషి సంపాదించుకొన్నది కాదు, అతనికి లభించినది. లభించినదానికి కృతజ్ఞత తెలుపుకోవడమే ఆనాటి పుట్టినరోజు.

పెద్దల విషయంలో ఈ భావం మరింత గంభీరమైనది. ప్రభవ మొదలు అక్షయ వరకు తెలుగు సంవత్సరాలు అరవై. మనిషి పుట్టిన సంవత్సరం అదే పేరుతో అరవై యేండ్లకు గాని తిరిగిరాదు. కాలచక్రం ఒక చుట్టు తిరిగి వచ్చిన ఆ సందర్భమే షష్టిపూర్తి. ఎనభై యేండ్లు దాటిన కొన్ని నెలలకు మనిషి వేయి పున్నములు చూసినట్లు లెక్క. ఆ సందర్భంలో చేసేది సహస్ర చంద్రదర్శన శాంతి. ఒక మనిషి జీవితాన్ని వేయి వెన్నెల రాత్రులతో కొలిచిన మన పూర్వుల ఊహ ఎంత సుందరమైనది! ఇతివృత్తం కోసం వెదుక్కొనేవారికి ఇంతకంటె అందమైనది దొరకడం కష్టం.

పల్లెలలో మాత్రం చాలామంది వృద్ధులకు తమ పుట్టిన తేదీ తెలియదు. ముత్తాతల తరంవారు 1876 నాటి ధాత కరువును గుర్తుగా పెట్టుకొని, దానికి ముందా, వెనుకా అని వయస్సు లెక్కించుకొనేవారు. తరువాతి తరంలో బడిలో చేర్చిన పంతులుగారు వ్రాసిన తేదీయే ఎందరికో పుట్టినతేదీ అయింది. తన పుట్టినరోజు ఎన్నడూ జరుపుకోని తల్లికి, ఉద్యోగం దొరికిన కొడుకు తొలిసారి పండుగ చేయాలనుకోవడంలో ఎంతో ఆర్ద్రత ఉంది. పెనుకొండ సమీపంలో 2019లో కియా కార్ల కర్మాగారం ఉత్పత్తి ప్రారంభించిన తరువాత నెలజీతమంటే ఏమిటో తొలిసారి చూసిన కుటుంబాలు ఆ ప్రాంతంలో ఉన్నాయి. అటువంటి ఇంటి బిడ్డ తల్లిదండ్రులకు షష్టిపూర్తి ఘనంగా చేస్తే ఆక్షేపించవలసిన పనిలేదు.

కేకు కోయడం, కొవ్వొత్తులు ఊదడం పరాయి ఆచారాలని కొందరు నిరసిస్తారు. ఈ వాదంలో బలం తక్కువ. కొవ్వొత్తుల కేకు జర్మనీ దేశంలో మొదలైంది. నేడు లోకమంతా పాడుకొనే పుట్టినరోజు పాట బాణీ అమెరికాలో ఇద్దరు అక్కచెల్లెళ్ళు బడిపిల్లల కోసం కూర్చి 1893లో ప్రచురించినది. అవి పరాయివే. అయితే సీమ రైతుకు బ్రతుకుతెరువైన వేరుశనగ, సీమ వంటకు ప్రాణమైన మిరప కూడా అమెరికా ఖండాల నుంచి వచ్చినవే కదా! పుట్టుక చేత ఏ ఆచారమూ మంచిదో చెడ్డదో కాదు. అది ఇంటికి మేలు చేస్తున్నదా, కీడు చేస్తున్నదా అన్నదే పరీక్ష.

ఆ పరీక్షకు నిలిపినప్పుడు మొదట కనిపించేది వెచ్చం. పూర్వపు అనంతపురం జిల్లా వర్షాభావానికి పేరుపడినది. సగటు వర్షపాతం ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. 2022 ఏప్రిల్ 4న ఆ జిల్లా నుంచి ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలోనే ఈ మూడు పట్టణాలూ ఉన్నాయి. ఇక్కడి కుటుంబాలలో ఎక్కువ భాగం వానను, పట్టుగూళ్ళ ధరను, మగ్గం కూలిని నమ్ముకొన్నవి. ఇటువంటి కుటుంబం బిడ్డ పుట్టినరోజుకు నూటికి 2 రూపాయల నెలవడ్డీకి లక్ష రూపాయలు తెచ్చిందనుకుందాం. వడ్డీ నెలకు 2,000 రూపాయలు, ఏడాదికి 24,000 రూపాయలు. మరుసటి పుట్టినరోజు నాటికి వడ్డీ మాత్రమే చెల్లుతుంది. అసలు లక్షా అలాగే నిలిచి ఉంటుంది. బిడ్డకు ఒక యేడు పెరిగినట్లే అప్పుకూ ఒక యేడు పెరుగుతుంది. ఆ బిడ్డ కళాశాలలో చేరవలసిన నాడు రుసుము కట్టడానికి ఇంట్లో సొమ్ము లేకపోతే, కారణం ఆ బిడ్డకు గుర్తయినా లేని ఒక సాయంకాలం కావచ్చు.

భారం ఇంటివారితోనే ఆగదు. మన శుభకార్యాలలో చదివింపులనే మంచి సంప్రదాయం ఉంది. వచ్చినవారు ఇచ్చిన సొమ్మును పేరుపేరునా పుస్తకంలో వ్రాసి భద్రపరుస్తారు. ఇచ్చినవారింట శుభకార్యం జరిగినప్పుడు అంతకు తగ్గకుండా తిరిగి ఇస్తారు. ముయ్యికి ముయ్యి అన్నమాట. పెండ్లి ఖర్చు మీదపడిన ఇంటికి ఊరంతా కలిసి వడ్డీలేని అప్పు ఇచ్చినట్లన్నమాట. పెండ్లి జీవితంలో ఒకమారు వస్తుంది, కనుక ఆ ఏర్పాటు చెల్లింది. పుట్టినరోజు ఏటేటా వస్తుంది, ఇంటింటా వస్తుంది. అది కూడా పెండ్లి స్థాయికి పెరిగితే పరస్పర సహాయం కాస్తా పన్నుగా మారుతుంది. ఒకనాటి కూలి పోగొట్టుకొని, చేబదులు తెచ్చి చదివింపులు చదివించే బంధువు ముఖంలో నవ్వు ఉన్నా మనస్సులో సంతోషం ఉండదు.

ఈ సందర్భంలో లేపాక్షి గుర్తుకు రావడం సహజం. హిందూపురానికి సుమారు 15 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆ క్షేత్రంలో వీరభద్రాలయం వెనుక అసంపూర్ణమైన కల్యాణమంటపం ఒకటి ఉంది. శివపార్వతుల పెండ్లికి తరలివచ్చిన దేవతలను, మునులను స్తంభాలపై మలచిన శిల్పుల ప్రతిభ చూపరులను ముగ్ధులను చేస్తుంది. పై కప్పు మాత్రం లేదు. విజయనగర ప్రభువు అచ్యుతదేవరాయల కాలంలో, పెనుకొండ సీమలో పెద్ద అధికారిగా ఉన్న విరూపణ్ణ ఈ ఆలయాన్ని నిర్మింపజేశాడు. అనుమతి లేకుండా రాజధనాన్ని వెచ్చించాడన్న అభియోగం రాగా, రాజు శిక్షించక ముందే తన కన్నులు తానే పెరికి గోడకు విసిరాడనీ, నాటితో పని ఆగిపోయిందనీ జనశ్రుతి. ఆ గోడపై మరకలను నేటికీ చూపుతారు. ఇది చరిత్ర కాదు, జనుల నోట నిలిచిన కథ. కాని జనులు దీనిని ఇన్ని శతాబ్దాలుగా చెప్పుకోవడానికి కారణం ఉండాలి. దేవుని పెండ్లి వేడుకకైనా సరే, తనది కాని సొమ్ము వెచ్చిస్తే పందిరి సగంలో ఆగుతుందన్న ఎరుకే ఆ కారణం కావచ్చు. ఇదే జిల్లాలోని కటారుపల్లిలో సమాధి ఉన్నదని చెప్పుకొనే వేమన ఆడంబరాన్ని ఎంత ఎగతాళి చేశాడో తెలుగువారందరికీ తెలిసిందే.

దీనికి ఎదురువాదం లేకపోలేదు. ఉన్నవారు ఎంత ఖర్చు చేసినా అడగని లోకం, లేనివారు ఒక్క పూట సంతోషపడితే పొదుపు పాఠాలు చెబుతుందని కొందరంటారు. ఇందులో న్యాయం ఉంది. వేడుక మీద హక్కు అందరికీ సమానమే. అంతేకాక, ఒక వేడుక జరిగితే పూలమ్మే స్త్రీకి, వంటవానికి, మేళగానికి, పాత్రలు తోమే కూలికి ఆ పూట పని దొరుకుతుంది. బహుమానంగా ఒక పట్టుచీర కొంటే హిందూపురం మార్కెట్టుకు గూళ్ళు తెచ్చే రైతు మొదలు, ధర్మవరంలో గుంటమగ్గం మీద వంగి పడుగుపేకలు కలిపే నేతగాని వరకు ఎందరికో అన్నం దొరుకుతుంది. వేడుకలన్నీ మానుకొమ్మనడం వీరి పొట్టకొట్టడమే. అయితే ఇతివృత్తపు అలంకరణల పేరుతో వెచ్చించే సొమ్ము వీరికి చేరుతున్నదా అని ప్రశ్నించుకోవాలి. అందులో పెద్దభాగం మరుసటి ఉదయానికి చెత్తకుప్పకు చేరే రంగుకాగితాలకు, బెలూన్లకు పోతున్నది. అలంకరణకు వాడే థర్మోకోలును, బెలూన్లకు కట్టే ప్లాస్టిక్ పుల్లలను కేంద్రప్రభుత్వం 2022 జూలై 1 నుంచి నిషేధించింది. పర్యావరణానికి ఇంత హాని చేసే వస్తువులతో బిడ్డ ఆయుష్షును అభినందించడంలో ఔచిత్యం లేదు.

ఇతివృత్తం కావాలనుకొనేవారికి సొంత గడ్డమీదనే కొరత లేదు. ధర్మవరం సమీపంలోని నిమ్మలకుంట తోలుబొమ్మల కళాకారుల ఊరు. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావును భారతప్రభుత్వం 2020లో పద్మశ్రీతో గౌరవించింది. తెర వెనుక దీపం వెలిగించి, రంగురంగుల తోలుబొమ్మలతో రామాయణ ఘట్టం ఒకటి ఆడిస్తే పసిపిల్లలు కన్నార్పకుండా చూస్తారు, పెద్దలు తమ బాల్యంలోకి వెళ్తారు. లేపాక్షి లతామంటపంలోని తీగలు, హంసలు ఏనాడో చీర అంచులలోకి ఎక్కాయి. వాటినే ముగ్గులుగా వేసి పందిరి కింద పరిస్తే అంతకు మించిన అలంకరణ ఏముంది? ఇందుకు అయ్యే ఖర్చు స్వల్పం. ఆ ఖర్చులో ప్రతి రూపాయి ఒక కళాకారుని చేతికి చేరుతుంది.

పెద్దల పుట్టినరోజుకైతే వారి జీవితమే తగిన ఇతివృత్తం. అవ్వ నేసిన మొదటి చీర, తాత తవ్విన బావి, కరువు యేట వలసపోయి తిరిగివచ్చిన కథ, ఆమె దంచుతూ పాడిన పాట - వీటిని మనుమలు అడిగి తెలుసుకొని, వ్రాసి, ఆనాడు పదిమంది ముందు చదివితే ఆ ముసలి కన్నులలో మెరిసే వెలుగు ఏ విద్యుద్దీపాలకూ రాదు. నేటి వేడుకలలో వృద్ధులను ఎత్తైన కుర్చీలో కూర్చోబెట్టి, గంటల తరబడి ఫొటోలు తీయించి, వారితో ఒక్క మాటైనా మాట్లాడకుండా అతిథులు భోజనాలకు మరలిపోవడం తరచుగా జరుగుతున్నది. ఎవరి పండుగో వారే అక్కడ ఒంటరివారవుతున్నారు. కళాశాల చదువుతున్న యువతీయువకులు ఈ లోపాన్ని సులభంగా సరిదిద్దగలరు. కాగితం, కలం, ఓపిక ఉంటే చాలు.

పుట్టినరోజును పరుల మేలుతో ముడిపెట్టిన ఉదాహరణలూ మన చరిత్రలో ఉన్నాయి. మొగలు చక్రవర్తులు తమ పుట్టినరోజున బంగారానికి, ఇతర ద్రవ్యాలకు తూగి, దానిని పంచిపెట్టేవారు. విజయనగర ప్రభువుల తులాపురుషదానానికి సాక్షిగా హంపీ విఠలాలయ సమీపంలో రాతి తులాతోరణం నేటికీ నిలిచి ఉంది. ఇటీవలి కాలానికి వస్తే, 1995లో పుట్టపర్తి సత్యసాయిబాబా డెబ్బయ్యవ జన్మదినం నాటికి అనంతపురం జిల్లాలో 700కు పైగా గ్రామాలకు తాగునీరందించే పథకం రూపుదిద్దుకొంది. ఎవరి విశ్వాసాలు వారివి. కాని ఒక పుట్టినరోజు పేరిట, ఫ్లోరైడు నీటితో కీళ్ళు పట్టుకుపోయిన పల్లెలకు మంచినీరు వచ్చిందన్నది మరువరాని విషయం. సామాన్య కుటుంబం పథకాలు కట్టలేదు. అయినా బిడ్డ చదివిన బడికి నాలుగు పుస్తకాలు, వీధి చివర నాటి పెంచే ఒక వేపమొక్క దాని శక్తికి మించినవి కావు.

వేడుకకు హద్దులు బయటివారు గీయలేరు. ప్రతి కుటుంబం తన తాహతును బట్టి తానే గీసుకోవాలి. అందుకు మూడు ప్రశ్నలు చాలు. ఈ ఖర్చుకు అప్పు చేయవలసి వస్తున్నదా? వచ్చే బంధువులకు ఇది భారమవుతున్నదా? ఎవరి కోసం ఈ పండుగో, ఆ మనిషితో ఆ రోజు ఎవరైనా తీరికగా కూర్చుంటున్నారా? మొదటి రెండింటికీ కాదనీ, మూడవదానికి అవుననీ జవాబు రాగలిగితే ఆ వేడుక కల్యాణమండపంలో జరిగినా, ఇంటి పంచలో జరిగినా ఘనమైనదే. స్నేహితుల ఇంటి ఆర్భాటం చూసి అంతటి వేడుక తమకూ కావాలని పట్టుబట్టే విద్యార్థులు, తండ్రి ఆ సొమ్ము ఎక్కడి నుంచి తేవలసి ఉంటుందో ఒక్కసారి అడిగి తెలుసుకోవడం అవసరం. ఆ ఒక్క ప్రశ్న ఎన్నో ఇండ్లను అప్పుల నుంచి కాపాడగలదు.