గృహయంత్ర విషయములు: బ్రేకు గొట్టము చెడినపుడు



పాలు పొంగుటయు, పప్పు మాడుటయు వాసనచేత తెలియును. కారు బ్రేకు గొట్టము చెడుట మాత్రము నేలమీది చిన్న తడిమరకచేత తెలియును. ఆ మరకను మొదట చూచువారు ప్రాయికముగా వాకిలి యూడ్చు స్త్రీలే. కావున నీ మాసము ఆ విషయమును గూర్చి వ్రాయుచున్నాము.

వాడిన ఇంజను ఆయిలు ప్రాయికముగా నల్లగా నుండును. శీతలయంత్రము నుండి కారునది వట్టి నీరు. బ్రేకు ఆయిలు క్రొత్తదైనపుడు లేత పసుపు వన్నె కలిగియుండును. పాతబడిన కొలది నల్లబాఱును. అట్టి తడి చక్రము చెంత కనబడినను, పెడలు ఎప్పటికంటె లోతునకు దిగినను కారును కదలింపరాదు.

మూసిన పాత్రలోని ద్రవమును నొక్కినచో నా యొత్తిడి యన్ని వైపులకు సమానముగా ప్రాకునని 17వ శతాబ్దమున ఫ్రెంచి పండితుడగు పాస్కల్ తెలిపెను. మన పాదబలము సన్నని గొట్టముల ద్వారా చక్రములను చేరుట యీ సూత్రముచేతనే. నేటి కార్లలో నీ మార్గములు రెండుగా నుండును. ఒకటి చెడినను రెండవది కొంత పనిచేయును. అది బండిని రోడ్డు ప్రక్క నాపుకొనుటకే గాని ప్రయాణము సాగించుటకు గాదు.

మా కారు వెనుక చక్రము చెంత నిట్టి మరక కనబడినది. ఉక్కు గొట్టము తుప్పుపట్టి చిల్లుపడినది. సముద్రతీరపు ఉప్పుగాలి సోకు ఊళ్లలో నిది త్వరగా జరుగును. “వదినా, బంక పూసి పట్టీ చుట్టెదను, సాయంకాలమునకు బండి సిద్ధము” అని మా మరిది యనెను. మేము వలదంటిమి. టైరులోని గాలి యొత్తిడి చదరపు అంగుళమునకు సుమారు 30 పౌనులు. బ్రేకును గట్టిగా తొక్కినపుడు గొట్టములోని యొత్తిడి 1000 పౌనులు మించవచ్చును. ఆ పట్టీ వాకిట నిలిచినను, పిల్లవాడొకడు బండి కడ్డము వచ్చిన క్షణమున నిలువదు. రబ్బరు గొట్టముతో అతుకు వేయుటయు నిట్టిదే. చెడిన గొట్టమును తీసి క్రొత్తది వేయుటయే మార్గము.

పాత గొట్టమును చూపి, అదే కొలతతో, ఉక్కుదో రాగి నికెలు మిశ్రలోహపుదో తేవలయును. వట్టి రాగిది పనికిరాదు. దాని కొనలు పాతదాని కొనల తీరుననే విచ్చియుండవలయును. ఆ కొనలను కొట్టునందే చేయించుట మేలు. కారును చదునైన నేలమీద నిలిపి, చక్రములకు అడ్డుచెక్కలు పెట్టి, జాకీతో నెత్తి, దృఢమైన స్టాండులపై నుంచవలయును. జాకీ నొక్కదానినే నమ్మి బండి క్రిందికి పోరాదు. గొట్టమునకు తగిన స్పానరుతో మఱలు విప్పి, క్రొత్తదానిని పాతదాని త్రోవనే పోనిచ్చి, పాత పట్లయందే బిగింపవలయును.

బ్రేకు ఆయిలు ఏ రకమో మూతమీద ముద్రించియుండును. అది గాలిలోని తేమను పీల్చును. కావున ఎన్నడో మూత తీసిన డబ్బాను వాడరాదు. అది రంగును తినివేయును. ఒలికిన చోట వెంటనే నీళ్లు పోయవలయును. పిల్లలకు అందనీయరాదు.

పిమ్మట గాలి తీయుట. దీనికి ఇద్దరు కావలయును. పెడలు తొక్కినది మేము. నిపిల్ విప్పినది మరిది. తొక్కి “పట్టితిని” యనవలెను. అతడు నిపిల్ విప్పి, బుడగలు పోనిచ్చి, బిగించి “విడువు” మనిన పిదపనే కాలు తీయవలెను. మేమొకసారి తొందరపడి ముందే విడిచితిమి. గాలి మరల లోనికి పోయినది, పని మొదటికి వచ్చినది. పైనున్న ఆయిలు గిన్నె ఎన్నడును వట్టిపోరాదు. ఏ చక్రము ముందో కారుతో వచ్చిన పుస్తకమున నుండును. కొన్ని కార్లకు గాలి తీయుటకు ప్రత్యేక పరికరము కావలెను. అట్టివానిని మెకానిక్కునకే విడువవలెను.

పెడలు గట్టిపడిన పిదప, ఇంజను నడచుచుండగా పలుమారు బలముగా తొక్కి, ప్రతి అతుకును పొడిగుడ్డతో తుడిచి చూడవలయును. గుడ్డ తడియైనచో బండి వాకిలి దాటరాదు. పొడిగా నున్నచో నిర్జనమైన చదును చోట మెల్లగా నడిపి పరీక్షింపవలెను.

ఈ పనియంతయు స్వయముగా చేయుమని మేము చెప్పము. మెకానిక్కునకు చూపినను, పాత గొట్టమును తెచ్చి చూపుమని యడుగుడు. “అతికితినమ్మా” యనినచో బండిని తీసికొనకుడు.