ఉప్పునీళ్లు ఎవరు కలపాలి?

పిల్లలు సముద్రపు చేపల అక్వేరియం కావాలంటే కొనివ్వచ్చా అని ఈమధ్య ఇద్దరు ముగ్గురు స్నేహితురాళ్లు అడిగారు. మా ఇంట్లో ఉంది కదా, అందుకని. కొనివ్వండనే చెప్పాను. కాకపోతే ఒక షరతు. గాజు తొట్టి కంటే ముందు, లైట్ల కంటే ముందు, చేపల కంటే చాలా ముందు, నీళ్లు కలిపే ఏర్పాటు పూర్తవ్వాలి. ఆ నీళ్లు ఎవరు కలుపుతారో పేరు పెట్టి తేల్చుకోవాలి. పేరు తేలకపోతే కొనొద్దు. మన ఇళ్లల్లో పేరు పెట్టని పనులన్నీ చివరికి ఎవరి చేతికి వస్తాయో మీకు నేను చెప్పక్కర్లేదు.

మాది భద్రాచలం. కళ్ల ముందే గోదావరి. సముద్రం చూడాలంటే మాత్రం మారేడుమిల్లి ఘాట్ దిగి, రాజమండ్రి దాటి, కాకినాడ దాకా పోవాలి. ఇలాంటి ఊళ్లో సముద్రపు చేప బతకాలంటే సముద్రాన్ని ఇంట్లోనే తయారుచేసుకోవాలి. మావాడు ఇంటర్ రెండో సంవత్సరంలో ఈ పాట అందుకున్నాడు. 'ఫైండింగ్ నీమో' సినిమాలోని నారింజరంగు చేప మీద వాడికి చిన్నప్పట్నించీ మోజు. నాకు చేపల మీద కోపమేం లేదు. నాకు తట్టిన ప్రశ్న ఒక్కటే. వీడు ఏడాది తిరిగేసరికి ఇంజనీరింగ్‌కని హైదరాబాద్ పోతాడు. చేప మాత్రం ఇక్కడే ఉంటుంది. ఆ క్లౌన్ చేప, బాగా చూసుకుంటే, పదేళ్ల పైనే బతుకుతుంది. అన్నేళ్లూ పదిహేను రోజులకోసారి దానికి కొత్త సముద్రం కావాలి.

"వంటింట్లో ఉప్పు లేదా వదినా" అంది మా ఆడపడుచు. చాలామంది అనుకునేది ఇదే, కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను. లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. అందులో నూటికి 85 పాళ్లు మనం తినే ఉప్పే. మిగతా 15 పాళ్లలోనే ఉంది కథంతా. లీటరుకి 1,300 మిల్లీగ్రాముల దాకా మెగ్నీషియం, 400 మిల్లీగ్రాముల కాల్షియం, ఇంకా పొటాషియం, సల్ఫేట్లు వగైరా. ఉప్పు మడుల్లో ఉప్పు గడ్డకట్టాక మెగ్నీషియం లాంటివి చాలావరకు మిగిలిన నీటితోనే బయటికి పోతాయి. అందుకని కల్లుప్పు సముద్రం నుంచి వచ్చిందే అయినా, దాన్ని నీళ్లలో వేస్తే తిరిగి సముద్రం అవదు. ప్యాకెట్ ఉప్పు సరేసరి, దానికి అయోడిన్, గడ్డకట్టకుండా కలిపే పొడీ అదనం. అక్వేరియానికి వాడే సముద్రపు ఉప్పు విడిగా అమ్ముతారు. ధర చూస్తే గుండె గుభేలుమంటుంది, కానీ దానికి ప్రత్యామ్నాయం లేదు.

మా మరిదిగారు ఇంకో సలహా ఇచ్చారు. కాకినాడ నుంచి క్యాన్లలో తెప్పించుకుంటే పోలా అని. రేవు పక్క నీళ్లలో ఏ నూనె, ఏ మురికి ఉందో ఎవరికి తెలుసు? పైగా వానాకాలంలో గోదావరి వరదంతా వెళ్లి కలిసేది ఆ సముద్రంలోనే. నదీముఖాల దగ్గర అప్పుడు ఉప్పదనం బాగా తగ్గిపోతుంది. మన ఊరి వరదనీళ్లే క్యాన్లో పోసుకుని బస్సెక్కించి తెచ్చుకున్నట్టు ఉంటుంది.

ఉప్పదనం గురించి ఇంకో చిన్న ముచ్చట. వరి రైతులు తాలు విత్తనాలు ఏరడానికి కోడిగుడ్డు తేలేదాకా నీళ్లలో ఉప్పు కలుపుతారు కదా. సముద్రపు నీళ్లలో తాజా గుడ్డు మునిగిపోతుంది! సముద్రం మనం ఊహించుకున్నంత ఉప్పన కాదు. నాలుకతో, కంటితో తేల్చే లెక్క కాదది. కొలత ఉండాల్సిందే.

ఇప్పుడు అసలు సంగతికొస్తాను. మాకు తొట్టి అమ్మినతను లైట్ల గురించి అరగంట చెప్పాడు. నీళ్ల గురించి మాత్రం "బకెట్లో కలిపి మారుస్తుండండి మేడమ్" అని ఒక్క ముక్కతో సరిపెట్టాడు. ఆ 'బకెట్లో కలపడం' అనే మాట దగ్గరే నేను ఆగిపోయాను. మాది 200 లీటర్ల తొట్టి. పదిహేను రోజులకోసారి 30 లీటర్లు మార్చాలి. నిండు బకెట్ ఇరవై కిలోలు. దాన్ని పెరట్లోంచి హాల్లోకి మోసి, ఛాతీ ఎత్తు పైకి లేపి పొయ్యాలి. అంతే బరువు పాతనీళ్లు బయటికి మొయ్యాలి. దారిపొడవునా గచ్చు మీద పడ్డ ఉప్పునీళ్లు తుడవాలి. నలభై దాటిన నడుముతో ఎన్నాళ్లు చేస్తాం? అందుకే నా ఉద్దేశంలో నీళ్లు కలిపే స్టేషన్ అనేది విలాసం కాదు. ఈ సరదా మొత్తంలో, పని చేసే మనిషి ఒళ్లు గురించి ఆలోచించిన భాగం అదొక్కటే. డబ్బు చాలకపోతే తొట్టి చిన్నది కొనుక్కోండి, దీన్ని మాత్రం తగ్గించొద్దు.

మా వెనక వరండాలో ఇనప స్టాండు వేయించాం. దానిమీద వంద లీటర్ల డ్రమ్ములు రెండు, ఒకటి పైన, ఒకటి కింద. పై దాంట్లో శుద్ధమైన నీళ్లు. కింది దాంట్లో ఉప్పు కలిపే నీళ్లు. పైనుంచి కిందికి ఒక ప్లాస్టిక్ కొళాయి. కింది డ్రమ్ములో ఒక పంపు. దాని గొట్టాన్ని ఒకవైపు తిప్పితే నీళ్లు డ్రమ్ములోనే సుళ్లు తిరుగుతాయి, ఇంకోవైపు తిప్పితే హాల్లో తొట్టిలోకి పోతాయి. బకెట్ ఎత్తే పనే లేదు. డ్రమ్ముల విషయంలో ఒక జాగ్రత్త చెప్పాలి. మన ఊళ్లలో చవగ్గా దొరికే వాడేసిన నీలం డ్రమ్ముల్లో అంతకుముందు ఏ రసాయనం పోశారో తెలీదు. ఆహార పదార్థాలకి పనికొచ్చేవి కొత్తవే కొనాలి.

శుద్ధమైన నీళ్లంటే మనం తాగే ఆర్‌ఓ నీళ్లు కావు. ఇళ్లల్లో పెట్టుకునే చాలా ఫిల్టర్లలో రుచి కోసం కొంత ఖనిజాలుండేలా టీడీఎస్ సర్దుతారు. ఇక్కడ ఆ టీడీఎస్ సున్నా కావాలి. అందుకు ఆర్‌ఓ తర్వాత డీఐ అనే ఇంకో గొట్టం ఉంటుంది. కుళాయి నీళ్లలో క్లోరిన్, బోరు నీళ్లలో సున్నం, అన్నీ అక్కడ ఆగిపోతాయి. ఒక లీటరు మంచినీళ్లకి రెండు మూడు లీటర్లు పక్క గొట్టంలోంచి వృథాగా పోతాయి. అవి ఊరికే మోరీలోకి పోతుంటే నాకు ప్రాణం ఒప్పలేదు. బకెట్లకి పట్టి గచ్చులు కడగడానికి వాడుతున్నాం.

కలపడం ఉప్మాలో రవ్వ జల్లినట్టే. ముందు నీళ్లు, తిరుగుతున్న పంపు, ఆ తర్వాత కొంచెం కొంచెంగా ఉప్పు. ముందు ఉప్పు గుమ్మరించి పైన నీళ్లు పోస్తే కాల్షియం తెల్లగా విరిగి అడుగుకి దిగుతుంది, మళ్లీ కరగదు. మేం వాడే ఉప్పు లీటరుకి 36 గ్రాముల లెక్క. 80 లీటర్లకి 2 కిలోల 880 గ్రాములు. రాత్రంతా తిరగనిచ్చి, మర్నాడు రిఫ్రాక్టోమీటర్ అద్దం మీద రెండు చుక్కలు వేసి వెలుతురుకేసి చూస్తే గీత 35 దగ్గర నిలబడాలి. తొట్టిలో ఆవిరైపోయిన నీటి బదులు మాత్రం ఉప్పునీళ్లు పొయ్యకూడదు. ఉప్పు ఆవిరవదు కదా, నీళ్లే అవుతాయి. దానికి పై డ్రమ్ములో నీళ్లే.

మా అత్తగారు మొదట్లో ఈ డ్రమ్ముల్ని చూసి ముఖం చిట్లించారు. నియమాలు విన్నాక మాత్రం ఆవిడకి తెగ నచ్చేశాయి. ఈ మగ్గు ఇంకెక్కడా వాడకూడదు. ఈ డ్రమ్ములో సబ్బు చెయ్యి పెట్టకూడదు. అగరబత్తి పొగ, దోమల మందు దగ్గరికి రాకూడదు. "ఇది మడి కదుటే" అన్నారు. నిజమే, మడే. ఒక్క రాగిబిందె విషయంలో మాత్రం ఆవిడకి మింగుడుపడలేదు. మనకి ఆరోగ్యమని రాత్రంతా నీళ్లు నిలవపెట్టుకునే రాగి, సముద్రపు రొయ్యలకీ నత్తలకీ విషం. ఇత్తడి కొళాయి కూడా పనికిరాదు, అందులోనూ రాగే ఉంటుంది.

ఇవన్నీ అమిరాక అసలు మాట వచ్చింది. "నువ్వు ఇంట్లోనే ఉంటావుగా, ఒక స్విచ్ వెయ్యడానికేముంది" అన్నారు మా వారు. కోపంగా కాదు, మామూలుగానే. అందులో అబద్ధం కూడా లేదు. స్విచ్ వెయ్యడం పెద్ద పని కాదు. కుక్కర్ కింద మంట తగ్గించడం, పాలవాడికి తలుపు తియ్యడం, మోటారు ఆపడం, ఇవేవీ పెద్ద పనులు కావు. విడివిడిగా చూస్తే ఏదీ పని కాదు, కాబట్టి ఎవరూ లెక్కలో రాయరు. ఈ దేశంలో నీళ్లు పట్టడం, మొయ్యడం, కాచడం, వడకట్టడం తరతరాలుగా ఆడవాళ్ల వాటా. ఇప్పుడు దానికి ఒక సముద్రం కూడా కలిపితే ఎలా అని అడిగాను. ఆయన నవ్వారు. నేను నవ్వలేదు.

ఇది మన దగ్గరే మొదలైన సంగతి కాదు లెండి. ఇంట్లో సముద్రపు జీవుల్ని నిలకడగా పెంచిన తొలివాళ్లలో అన్నా థిన్ అనే ఇంగ్లీషావిడ ఒకరు. 1846లో టార్కీ తీరం నుంచి పగడపు జీవుల్ని లండన్‌లోని తన ఇంటికి తెచ్చుకుంది. అప్పుడు పంపులు లేవు. నీళ్లకి గాలి తగలాలంటే కిటికీ దగ్గర నిలబడి ఒక పాత్రలోంచి ఇంకో పాత్రలోకి వంచుతూ ఉండాలి, రోజూ అరగంట, ముప్పావుగంట. ఆ పని చేసింది ఆవిడ ఇంటి పనిమనిషి. తర్వాత 1854లో ఫిలిప్ గాస్ అనే ఆయన 'ది అక్వేరియం' అనే పుస్తకం వేశాక ఆ మోజు అక్కడ ఇంటింటికీ పాకింది. సముద్రానికి దూరంగా ఉన్నవాళ్ల కోసం ఉప్పులు కలిపి సముద్రపు నీరు చేసే పద్ధతి కూడా ఆయన ప్రచురించాడు. నాకు మాత్రం ఆ కిటికీ దగ్గర నిలబడ్డ పిల్ల చేతులే గుర్తొస్తుంటాయి.

మా ఇంట్లో తేలింది ఇది. నీళ్లు కలపడం మావాడి పని, వాడు వెళ్లాక వాళ్ల నాన్న పని. గోడకి ఒక అట్ట వేలాడదీశాం. తేదీ, ఎన్ని లీటర్లు, ఎంత ఉప్పు, రీడింగ్ ఎంత, ఎవరు చేశారు. చివరి గడిలో సంతకం. నాకు ఈ పని రాదని కాదు. మొత్తం నేర్చుకున్నాను, గుక్కతిప్పుకోకుండా మీకు చెప్పగలుగుతున్నది అందుకే. ఇక్కడ మన ఆడవాళ్లతో నాకు చిన్న పేచీ ఉంది. పని తప్పించుకోడానికి "నాకవేం తెలీవు" అంటాం. తెలీదు అన్నవాళ్లకి రేపు ఎవరో ఒకరు నేర్పించి మరీ అప్పగిస్తారు. తెలుసు, అయినా ఇది నా పని కాదు అనడం నేర్చుకోవాలి. పొద్దున్నే చేపలకి మేత వేస్తాను. అది నేను కోరి తీసుకున్నది.

మా ఎండల సంగతి తెలిసిందే, మే నెలలో 45 డిగ్రీలు ఇక్కడ వింత కాదు. సముద్రపు తొట్టి 25, 26 దగ్గర ఉంటే హాయి. తొట్టి మీద ఫ్యాన్ పెడితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది, ఆ మేరకు నీళ్లు ఆవిరైపోతాయి, పై డ్రమ్ము తొందరగా ఖాళీ అవుతుంది. మధ్యాహ్నాలు హాల్లో ఏసీ వెయ్యక తప్పలేదు. ఇన్నేళ్లలో నాకోసం పడని ఏసీ చేపల కోసం పడింది! ఉప్పునీళ్ల దగ్గర కరెంటుతో ఆటలొద్దు. సాకెట్ డ్రమ్ముల కంటే ఎత్తులో ఉండాలి. వైరు కిందికి జారి మళ్లీ పైకెళ్లేలా వదిలితే దానిమీద పడ్డ చుక్క సాకెట్లోకి పోకుండా కిందికే రాలుతుంది. షాక్ కొడితే కరెంటు ఆపేసే ఈఎల్‌సీబీ పెట్టించుకోండి.

మాలాంటి ఊరికి వరద ఇంకో లెక్క. గోదావరి 53 అడుగులు దాటితే ఇక్కడ మూడో ప్రమాద హెచ్చరిక. 1986లో 75.6 అడుగులు, 2022 జులైలో 71.3 అడుగులు వచ్చింది. అలాంటప్పుడు కరెంటు ఎప్పుడు పోతుందో, ఎప్పుడు వస్తుందో తెలీదు. కలిపి ఉంచిన ఒక డ్రమ్ము ఉప్పునీళ్లు, బ్యాటరీతో నడిచే చిన్న గాలి పంపు వానాకాలమంతా సిద్ధంగా ఉంచుతాం. ఆ తొట్టిలో ఉన్నవి మనం అడిగి తెచ్చుకున్న ప్రాణాలు, వాటంతట అవి వచ్చినవి కావు.

పగడాలు కూడా కావాలని మావాడు గొడవ చేశాడు. గట్టి పగడాలు, సముద్రపు గుర్రాలు 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి. మన సముద్రంలోంచి తీసినవి ఎవరైనా చాటుగా అమ్మజూపితే అది పులిగోరు అమ్మజూపడంలాంటిదే అని చెప్పాను. వాడు ఊరుకున్నాడు. క్లౌన్ చేపల్ని మాత్రం హేచరీల్లో పుట్టించవచ్చు, మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థ ఆ పద్ధతి ఎప్పుడో సాధించింది. కొనేటప్పుడు హేచరీలో పుట్టినవేనా అని అడిగి కొనండి.

తీసేసిన ఉప్పునీళ్లు బాత్రూం మోరీలోకే. పెరట్లో పోస్తే కరివేపాకు చెట్టు నెలలో మాడిపోతుంది.

మావాడు ఆగస్టులో వెళ్లాడు. అప్పట్నుంచీ అట్ట మీద చివరి గడిలో వాళ్ల నాన్న సంతకాలే ఉన్నాయి. వచ్చే నెల ఆయనకి పది రోజులు క్యాంపు పడింది. "ఈ ఒక్కసారికి నువ్వు కానివ్వు" అని ఇద్దరూ చెరోవైపు నుంచి ఫోన్లో బతిమాలారు. హైదరాబాద్ నుంచి రాత్రి బస్సులు బోలెడున్నాయని చెప్పాను. శనివారానికి టికెట్ చేశాడట.