ఎవరిని? ఎవరికి?

అంబర్‌పేట్‌లోని ఏ ఇంట్లోనైనా సాయంత్రం పూట కనిపించే దృశ్యమే ఇది. ఏడో తరగతి పిల్లాడు నోటు పుస్తకం ముందేసుకుని దిగాలుగా కూర్చున్నాడు. 'అబ్బాయి తన స్నేహితుణ్ని అమ్మకు చూపించాడు' అన్న వాక్యాన్ని ఇంగ్లిష్‌లో రాయమన్నారు. 'ద బాయ్ షోడ్ హిజ్ ఫ్రెండ్ హిజ్ మదర్' అని వరసగా రాసేశాడు. టీచరు ఎర్రసిరాతో కొట్టేశారు. ఎందుకో వాడికి తెలీదు. అమ్మ చదివింది తెలుగు మీడియం. 'నాకేం తెలుసు నాన్నా, రేపు సార్‌నే అడుగు' అంటుంది.

నిజానికి ఆమెకు తెలుసు!

చూపించింది ఎవరిని? స్నేహితుణ్ని. అది డైరెక్ట్ ఆబ్జెక్ట్. ఎవరికి చూపించాడు? అమ్మకు. అది ఇండైరెక్ట్ ఆబ్జెక్ట్. తెలుగులో 'అమ్మకు తన స్నేహితుణ్ని చూపించాడు' అని తిప్పి చెప్పినా అర్థం మారదు. 'ని', 'కు' ప్రత్యయాలు మాటను అంటిపెట్టుకునే ఉంటాయి కదా.

ఇంగ్లిష్ మాటలకు అలాంటి తోకలు లేవు. మాట ఉన్న చోటును బట్టే దాని పని తెలుస్తుంది. 'టు' లేకపోతే క్రియ పక్కన ముందు వచ్చేది 'ఎవరికి', తర్వాత వచ్చేది 'ఎవరిని' లేదా 'దేన్ని'. అంటే పిల్లాడు రాసినదాని ప్రకారం, అమ్మనే స్నేహితుడికి చూపించినట్టు! 'షోడ్ హిజ్ మదర్ హిజ్ ఫ్రెండ్' అనాలి. 'షోడ్ హిజ్ ఫ్రెండ్ టు హిజ్ మదర్' అంటే ఇంకా తేలిక.

వెయ్యేళ్ల కిందట ఇంగ్లిష్‌కూ విభక్తులుండేవి. 'అతణ్ని' అనడానికి 'హినె', 'అతనికి' అనడానికి 'హిమ్' వాడేవారు. రానురాను 'హినె' పోయి, రెండు పనులూ 'హిమ్' మీదే పడ్డాయి. ప్రత్యయాలు రాలిపోయిన కొద్దీ మాటల వరసకు విలువ పెరిగింది.

గివ్, సెండ్, షో, టీచ్, లెండ్ లాంటి క్రియలకు రెండు పద్ధతులూ చెల్లుతాయి. బై, కుక్, మేక్‌లకైతే 'టు' బదులు 'ఫర్' వస్తుంది. అసలు చిక్కు ఎక్స్‌ప్లెయిన్, సజెస్ట్, డిస్క్రైబ్, సేలతోనే. 'ఎక్స్‌ప్లెయిన్ మి ద లెసన్' అనకూడదు. 'ఎక్స్‌ప్లెయిన్ ద లెసన్ టు మి' అనాలి. ఉద్యోగాల ఇంటర్వ్యూల్లో చాలామంది తడబడేది ఇక్కడే.

ఒక్క జాగ్రత్త. 'కు' కనిపించిన ప్రతిచోటా 'టు' పెట్టేయకూడదు. 'నాకు ఆకలేస్తోంది' అన్నప్పుడు ఎవరూ ఎవరికీ ఏమీ ఇవ్వడం లేదు. అందుకే అది 'ఐ యామ్ హంగ్రీ' అవుతుంది.

కాబట్టి ఇంగ్లిష్ రాదని అమ్మలు వెనక్కి తగ్గక్కర్లేదు. పిల్లలు పెన్ను పట్టుకోకముందే 'ఎవరిని? దేన్ని? ఎవరికి?' అని తెలుగులో అడిగితే సగం పాఠం అయిపోయినట్టే. ఈరోజే 'తాతయ్య మనవరాలికి ఉత్తరం పంపాడు' అన్న వాక్యాన్ని రెండు పద్ధతుల్లోనూ రాయించి చూడండి.