డాబా మీద నిహారిక

మీర్‌పేట్‌లో రాత్రి డాబా ఎక్కితే ఆకాశం నల్లగా ఉండదు. వీధి దీపాల వెలుగుకి బూడిద రంగులో కనిపిస్తుంది. చీకటి ఆకాశం కోసమే ఉస్మానియా విశ్వవిద్యాలయం 1968లో తన 48 అంగుళాల టెలిస్కోపును నగరానికి దూరంగా రంగాపూర్‌లో పెట్టింది.

మరి డాబా మీది ఔత్సాహికులకు దారేది? హైడ్రోజన్ ఆల్ఫా ఫిల్టరు. ఒరాయన్ నిహారికలోని హైడ్రోజన్ వెదజల్లే 656.3 నానోమీటర్ల ఎరుపును లోపలికి రానిచ్చి, మిగతా వెలుగును దాదాపుగా ఆపేస్తుంది. అలా తీసిన ఫొటోలెన్నింటినో కంప్యూటర్లో కలిపితే నిహారిక తేలుతుంది.

గెలాక్సీల వెలుగులో మాత్రం ఎల్‌ఈడీ దీపాల్లాగే అన్ని రంగులూ ఉంటాయి. వాటిని విడదీయడం కష్టం. మబ్బుకైతే ఏ ఫిల్టరూ లేదు!

మనింటి డాబా లైటుకు పైన మూత బిగించి వెలుగును నేలకే మళ్లిస్తే, పక్కింటి పిల్లలకు ఏ ఫిల్టరూ లేకుండానే నాలుగు చుక్కలు ఎక్కువ కనిపిస్తాయి.