క్రిస్మస్ పాటల మీద నాకూ ఒక ఓటుంది

మా ఆఫీసులో డిసెంబర్ రెండో వారం వచ్చిందంటే పని అయిపోయినట్టే. కోడ్ ఫ్రీజ్ అంటారు, అంటే పండగ వెళ్ళేదాకా ప్రొడక్షన్‌లో ఎవరూ చెయ్యి పెట్టకూడదు. చేతులకి పని లేదు కాబట్టి అందరూ నోటికి పని చెప్తారు. ప్రతి ఏడాదీ మా టీమ్ పాట్‌లక్ లంచ్‌లో ఒక వాదన నడుస్తుంది: నీకు అన్నిటికంటే ఇష్టమైన క్రిస్మస్ ఆల్బమ్ ఏది, వింటేనే ఒళ్ళు మండే ఆల్బమ్ ఏది? మనిషికి ఒకటీ ఒకటీ చెప్పాలి. చెప్పి, మిగతావాళ్ళతో పోట్లాడాలి.

మొదటి నాలుగైదేళ్ళు నేను ప్రేక్షకుణ్ణే. పులిహోర పట్టుకెళ్ళడం, అందరూ బావుందంటే మొహమాటంగా నవ్వడం, అంతవరకే నా పాత్ర. ఈసారి ధైర్యం చేశాను. ఇష్టమైనది, ఫిల్ స్పెక్టర్ 1963లో తీసిన ‘ఎ క్రిస్మస్ గిఫ్ట్ ఫర్ యూ’. ఇష్టం లేనిది, మైకేల్ బూబ్లే 2011లో పాడిన ‘క్రిస్మస్’.

మొదటిదానికి తలలూపారు. రెండోదానికి గొడవైపోయింది. బూబ్లేని అంటే ఇక్కడ చాలామందికి వాళ్ళ మేనమామని అన్నట్టే. అందులో ఒక పెద్దాయన, నా మొదటి చలికాలంలో చచ్చిపోయిన నా కారు బ్యాటరీకి జంపర్ కేబుళ్ళు తగిలించి బతికించిన మహానుభావుడు, చాలా మర్యాదగా అన్నాడు: “ఏమీ అనుకోకు. ఇవి చిన్నప్పటి నుంచీ ఇంట్లో విని ఉండాలి. నువ్వు వీటితో పెరగలేదు కదా, నీకెలా తెలుస్తుంది?”

నేను నవ్వి ఊరుకున్నాను. గిన్నె కడుక్కుని ఇంటికొచ్చాను. రాత్రి పన్నెండింటికి మెలకువ వచ్చింది, జవాబు కూడా వచ్చింది. నా జవాబులన్నీ ఇలా పన్నెండు గంటలు లేటుగానే వస్తాయి. అందుకే ఈ టపా.

అయ్యా పెద్దాయనా, వీటితో పెరగనివాడికి ఓటు లేకపోతే, వీటిలో సగం పాటలు అసలు పుట్టేవే కావు.

‘వైట్ క్రిస్మస్’ రాసినది ఎవరు? ఇర్వింగ్ బెర్లిన్. రష్యా సామ్రాజ్యంలో 1888లో ఒక యూదుల ఇంట్లో పుట్టి, అయిదేళ్ళ వయసులో ఓడెక్కి న్యూయార్క్ వచ్చినవాడు. మనకంటే సీనియర్ వలసదారు, అంతే తేడా. ‘రుడాల్ఫ్ ద రెడ్‌నోజ్డ్ రెయిన్‌డీర్’ కట్టిన జానీ మార్క్స్ కూడా యూదుడే. మంచు పడనీ, మనకేంటి అని ఊగిపోయే ‘లెట్ ఇట్ స్నో’ని శామీ కాన్, జ్యూల్ స్టైన్ అనే ఇద్దరు యూదులు 1945 వేసవిలో హాలీవుడ్ ఎండలో చెమటలు కక్కుకుంటూ రాశారు. అదే వేసవిలో, అదే కాలిఫోర్నియాలో, బాబ్ వెల్స్ అనే ఆయన కాస్త చల్లబడదామని చలికాలం గుర్తుకొచ్చే మాటలు నాలుగు కాగితం మీద పెట్టుకుంటే, మెల్ టోర్మే వచ్చి చూసి అది పాట అవుతుందన్నాడు. అదే ‘ద క్రిస్మస్ సాంగ్’. వీళ్ళిద్దరూ యూదులే. వాళ్ళ ఇళ్ళలోని పండగ కాదు. అయినా రాశారు. కిటికీ బయట నిలబడి చూసేవాడికి లోపల వెలిగే దీపం ఇంకా బాగా కనిపిస్తుందేమో.

ఆ పాటని ఇంటింటికీ చేర్చిన గొంతు నాట్ కింగ్ కోల్‌ది. మొదట 1946లో పాడాడు, ఇప్పుడు మనం ఎక్కువగా వినేది 1961లో మళ్ళీ పాడినది. అది వింటే ఎవరికైనా ఇల్లు గుర్తొస్తుంది. ఆయన 1948లో లాస్ ఏంజెలెస్‌లో హాన్‌కాక్ పార్క్ అనే పేటలో ఇల్లు కొనుక్కుంటే, నల్లవాడు మా మధ్య వద్దని అక్కడి తెల్లవాళ్ళు అడ్డం తిరిగారు. ఆయన వెనక్కి తగ్గలేదు, అది వేరే సంగతి. కానీ ఆలోచించండి. అమెరికా మొత్తానికి ‘ఇల్లు’ అంటే గుర్తొచ్చే గొంతు, ఇరుగుపొరుగు వద్దనుకున్న మనిషిది. ఇప్పుడు చెప్పండి, ఎవరికుంది ఓటు?

సరే, ఓటు సంగతి తేలింది. ఇక అసలు తగువు: ఏది మంచి ఆల్బమ్, ఏది చెడ్డది.

మా పెద్దాయన ఇష్టం ఎల్విస్ ప్రెస్లీ 1957 ఆల్బమ్. ఎందుకయ్యా అంటే, వాళ్ళమ్మ చెట్టుకి దీపాలు కడుతూ అది పెట్టేదట. నాకేం అభ్యంతరం లేదు. ఘంటసాల గొంతు వింటే మా నాన్నగారు గడ్డం గీసుకుంటున్న చప్పుడు నాకూ వినపడుతుంది. కానీ అది అమ్మ మీద ప్రేమ. ఆల్బమ్ మీద తీర్పు కాదు. ఈ రెండూ కలిపేస్తేనే, పెరగనివాడికి తెలియదు అనే మాట పుడుతుంది. తమాషా ఏంటంటే, ఆ ఎల్విస్ ‘వైట్ క్రిస్మస్’ విని బెర్లిన్ మండిపడి, రేడియోల్లో వెయ్యొద్దని స్టేషన్లకి చెప్పించాడు. అప్పట్లో అది పండగని పాడుచేసిన రికార్డు. ఇప్పుడు అది సంప్రదాయం. మనకి తెలియని కథా ఇది?

నా లెక్క వేరే. ఈ పాటల్లో గొప్పవి చాలామటుకు రావడం గురించి కావు, రాలేకపోవడం గురించి.

‘వైట్ క్రిస్మస్’కి మన సినిమా పాటల్లో సాకీ లాంటి ముక్క ఒకటి ముందు ఉంది. చాలామంది పాడరు. అందులో మనిషి ఉన్నది మంచులో కాదు, బెవర్లీ హిల్స్ ఎండలో. అక్కడ కూర్చుని మంచు కోసం బెంగపడుతున్నాడు. బింగ్ క్రాస్బీ ఈ పాటని రేడియోలో 1941 డిసెంబర్ 25న పాడాడు, పెర్ల్ హార్బర్ మీద దాడి జరిగి మూడు వారాలు కూడా కాలేదు. 1942 మే నెలలో రికార్డు చేశాడు. సముద్రాలకి అవతల ఉన్న సైనికులు దాన్ని అడిగి అడిగి వేయించుకున్నారు. మాస్టర్ అరిగిపోయి 1947లో మళ్ళీ రికార్డు చెయ్యాల్సి వచ్చింది. 1943లో వచ్చిన ‘ఐల్ బి హోమ్ ఫర్ క్రిస్మస్’ కూడా అంతే. ఇంటికి ఉత్తరం రాసే సైనికుడి పాట. వస్తానంటాడు, ఏర్పాట్లు చెయ్యమంటాడు, చివరికొచ్చేసరికి ఆ రాక నిజమయ్యేది కాదని మనకి అర్థమైపోతుంది. మన వాళ్ళు ఫోన్‌లో “ఈ సంక్రాంతికి కచ్చితంగా వస్తానమ్మా” అంటారే, సరిగ్గా ఆ గొంతు.

ఇప్పుడు ‘హ్యావ్ యువర్‌సెల్ఫ్ ఎ మెర్రీ లిటిల్ క్రిస్మస్’ సంగతి చూడండి. 1944లో ‘మీట్ మి ఇన్ సెయింట్ లూయిస్’ సినిమాలో జూడీ గార్లండ్ పాడింది. సొంత ఊరు వదిలి వెళ్ళిపోవాలని ఏడుస్తున్న చెల్లెలికి అక్క చెప్పే ఓదార్పు. సగం ఓదార్పు, సగం అబద్ధం. 1957లో ఫ్రాంక్ సినాట్రా తన ఆల్బమ్‌కి ‘ఎ జాలీ క్రిస్మస్’ అని పేరు పెట్టుకుని, జాలీగా లేదు మార్చమని ఆ పాట రాసిన హ్యూ మార్టిన్‌ని అడిగాడు. ఆయన మార్చి ఇచ్చాడు. సినాట్రా అంటే నాకు గౌరవమే గానీ, ఈ రోగం బాగా ముదిరింది అక్కడే అని నా అనుమానం. పాటలో ఉన్న దిగులు తీసేసి బదులుగా దండలు వేలాడదీయడం.

ఆ రోగం చివరి దశే నా దృష్టిలో బూబ్లే ఆల్బమ్. మనిషి చెడ్డగా పాడతాడని కాదు. శుభ్రంగా పాడతాడు. వాద్యాలన్నీ ఎక్కడ ఉండాలో అక్కడే ఉంటాయి. అందులో ‘ఐల్ బి హోమ్ ఫర్ క్రిస్మస్’ ఉంది, కానీ అక్కడ ఎవరూ దూరంగా లేరు. ‘క్రిస్మస్ (బేబీ ప్లీజ్ కమ్ హోమ్)’ ఉంది, కానీ ఎవరూ ఎవరికోసమూ చూడట్లేదు. అందరూ వచ్చేశారు, భోజనాలయ్యాయి, గిన్నెలు కూడా డిష్‌వాషర్‌లో పడ్డాయి. ఇక ఎవర్ని పిలుస్తున్నట్టు? ఇక్కడ ఒక ఎఫ్‌ఎం స్టేషన్ నవంబర్ నుంచే ఇవి వాయించేస్తుంది. నలభై రోజులు విన్నా ఒక్క పాటా గుచ్చుకోదు.

“చెత్త ఆల్బమ్” అనగానే మా వాళ్ళందరూ బాబ్ డిలన్ 2009 ‘క్రిస్మస్ ఇన్ ద హార్ట్’ మీద పడతారు. గొంతు గరగరా అంటుందని. అంటుంది, నిజమే. ఆయన మా మిన్నెసోటా వాడు, డులూత్‌లో పుట్టి హిబ్బింగ్‌లో పెరిగిన యూదుల అబ్బాయి. చిన్నప్పుడు ఊరంతా పాడుతుంటే విన్న పాటల్ని దాదాపు డెబ్భై ఏళ్ళ వయసులో కూర్చుని, ఒక్క వెక్కిరింత లేకుండా పాడాడు. దాని మీద వచ్చే రాయల్టీ ఆకలితో ఉన్నవాళ్ళకి అన్నం పెట్టే సంస్థలకి రాసిచ్చేశాడు. గొంతు బాలేదంటే ఒప్పుకుంటాను. చెత్త అంటే మాత్రం ఊరుకోను. చర్చిలో వెనక బల్ల మీద కూర్చుని, శ్రుతి తప్పుతోందని తెలిసీ గట్టిగా పాడే తాత ఉంటాడు చూశారా, ఆయన్ని బయటికి పంపించమంటారా?

“అయితే పండగపూట ఏడవాలా?” అని మా ఆవిడ అడిగింది. అక్కర్లేదు. ఎల్లా ఫిట్జెరాల్డ్ 1960 ఆల్బమ్ పెట్టండి, ఎక్కడా దిగులన్నది లేదు, మనిషి నిజంగా ఆడుకుంటూ పాడింది. 1965లో ‘ఎ చార్లీ బ్రౌన్ క్రిస్మస్’కి విన్స్ గరాల్డీ వాయించిన పియానోలో సంతోషం, బెంగ ఏది ఎక్కడ మొదలైందో నాకిప్పటికీ తెలీదు. ఆనందమైతే ఆనందం, దుఃఖమైతే దుఃఖం, పాడేవాడికి ఏదో ఒకటి ఉండాలి. ఏమీ లేకుండా గంటలు మోగించడమే నా తగువు.

ఇక నా ఓటు ఎందుకు స్పెక్టర్ ఆల్బమ్‌కో చెప్పాలి. ముందుగా ఒక ఇబ్బంది ఒప్పుకోవాలి. ఆయన హంతకుడు. 2003లో లానా క్లార్క్‌సన్ అనే నటిని కాల్చి చంపాడు, 2009లో కోర్టు దోషి అని తేల్చింది, 2021లో శిక్ష అనుభవిస్తూనే పోయాడు. కవర్ మీద ఆయన పేరు చూసినప్పుడల్లా నాకు మింగుడు పడదు. కానీ ఆ ఆల్బమ్‌ని నిలబెట్టింది పాడినవాళ్ళు, అందులోనూ డార్లీన్ లవ్. అంతకుముందు ఏడాది ‘హీ ఈజ్ ఎ రెబెల్’ ఆవిడ పాడితే ఆ పాటని వేరే బృందం పేరు మీద అమ్మాడు స్పెక్టర్. అలాంటి మనిషి పేరు చూసి ఆవిడ గొంతు కూడా పారేస్తే, ఆవిడకి రెండోసారి అన్యాయం చేసినట్టు. ఆల్బమ్ విడుదలైన రోజు 1963 నవంబర్ 22. కెన్నెడీని కాల్చి చంపిన రోజు. ఆ ఏడాది దాన్ని పట్టించుకునే మనసు ఎవరికీ లేకపోయింది.

2014 డిసెంబర్ 24 రాత్రి. నేను అప్పుడు ఒక క్లయింట్ దగ్గర కొత్తగా చేరాను. ఆన్‌కాల్ డ్యూటీ నాకే వేశారు. “నీకు ఇది పండగ కాదు కదా” అన్నారు. న్యాయమే అనిపించింది. (మూడు వారాల తర్వాత సంక్రాంతికి సెలవడిగితే రిలీజ్ ఉందన్నారు. అప్పుడు నాది పండగే అని ఎవరికీ తోచలేదు.) ఏదో బ్యాచ్ జాబ్ పడిపోయిందని రాత్రి పదకొండింటికి కారేసుకుని ఆఫీసుకెళ్ళాను. పార్కింగ్ లాట్ మొత్తానికి నా కారొక్కటే. ఇంజన్ ఆపబోతుంటే రేడియోలో డార్లీన్ లవ్ ‘క్రిస్మస్ (బేబీ ప్లీజ్ కమ్ హోమ్)’. అన్నీ ఉన్నాయి, గంటలున్నాయి, దీపాలున్నాయి, రావాల్సిన ఒక్క మనిషీ లేడు. ఆవిడ బతిమాలట్లేదు, అరుస్తోంది. నేను ఇంజన్ ఆపకుండా పాట అయిపోయేదాకా కూర్చున్నాను. ఆ టైముకి ఒంగోల్లో మధ్యాహ్నం కావస్తోంది, మా అమ్మ ఒక్కతే అన్నం వండుకుంటూ ఉంటుంది.

నేను వాటితో పెరగలేదు, నిజమే. ఆ రాత్రి అర్థమవడానికి పెరగాల్సిన అవసరం కూడా రాలేదు. తర్వాత వెతికితే తెలిసింది, ఆవిడ 1986 నుంచి దాదాపు ప్రతి డిసెంబర్‌లోనూ డేవిడ్ లెటర్‌మన్ షోలో అదే పాట పాడిందని, ఆఖరుసారి పాడింది సరిగ్గా ఆ నెలలోనేనని. ఆల్బమ్ మొత్తం వింటే ‘వైట్ క్రిస్మస్’ కూడా ఆవిడే పాడింది. మధ్యలో ఆగి, అందరూ వదిలేసిన ఆ ఎండ ముక్కని మాటల్లో చెప్తుంది.

మన వైపు నుంచీ ఒక దెబ్బ ఉంది, అదీ చెప్పేస్తా. మొన్న ఒక తెలుగు మిత్రుడు ఇవన్నీ విని, “మనకెందుకండీ వాళ్ళ పాటలు?” అన్నాడు. ఈ ‘మనం’ ఎవరండీ? తెలుగులో క్రైస్తవ కీర్తనలు 19వ శతాబ్దం నుంచే ఉన్నాయి, పురుషోత్తమ చౌదరి గారు రాసినవి ఈరోజుకీ పాడుతున్నారు. మా వీధిలో డిసెంబర్ వస్తే సరుగుడు కొమ్మ పాతి, దాని మీద మంచు బదులు పత్తి అంటించేవాళ్ళు. మంచు ఎలా ఉంటుందో ఆ వీధిలో ఒక్కరూ చూడలేదు. బెర్లిన్ ఎండలో కూర్చుని చేసిన పనే మావాళ్ళూ చేశారు. మా పెద్దాయన “నీది కాదు” అన్నాడు, మా మిత్రుడు “మనది కాదు” అన్నాడు. ఇద్దరూ ఒకే తలుపుని చెరో వైపు నుంచి మూస్తున్నారు.

వచ్చే డిసెంబర్‌లో మళ్ళీ పులిహోర పట్టుకెళ్తాను. ఈసారి జవాబు ముందే సిద్ధంగా ఉంది. పెద్దాయన వింటాడు, మంచివాడు. ఎల్విస్‌ని మాత్రం మార్చుకోడు, మార్చుకోనక్కర్లేదు కూడా.

మీ ఓటేంటి? ఒక మంచిది, ఒక చెడ్డది. బూబ్లే అభిమానులు తిట్టదలుచుకుంటే తెలుగులోనే తిట్టండి, ఆ మాటలు విని చాలా రోజులైంది.

తా.క.: ఈ ఏడాది కూడా 24 రాత్రి ఆన్‌కాల్ నాదే. ఈసారి నేనే అడిగి వేయించుకున్నాను, సంక్రాంతి సెలవుతో మారకం కింద. టికెట్ కొన్నాను. అమ్మకి ఇంకా చెప్పలేదు.