నేరము ఆటదా? మనదా?

ఫోనులలోను కంప్యూటరులలోను మన బాలురు ఆడుచున్న తుపాకి ఆటలను గూర్చి సంఘములో కొంతకాలముగా చర్చ జరుగుచున్నది. ఇటీవల దాయాదుల పిల్లలిద్దరు వీధిలో కొట్టుకొని, ఒకని తలకు కుట్లు పడిన పిదప ఆ చర్చ తీవ్రమైనది. "రాత్రింబగళ్లు కాల్చుట, చంపుట తప్ప వేరొకటి చూడని కుర్రవాడు చేతికి కర్ర దొరికిన ఊరకుండునా?" అని పెద్దలు పలువురు ప్రశ్నించుచున్నారు. ఇట్టి ఆటలు ఆడు విద్యార్థులకు సంఘము ఇచ్చుచున్న విద్యాసహాయమును నిలిపివేయవలెనని కోరుచు ఒక తీర్మానము రాబోవు సర్వసభ్య సమావేశమునకు రానున్నది. ఆ తీర్మానమును మేము సమర్థింపజాలము. అందులకు గల కారణములను పాఠకుల ముందుంచుట మా విధి.

ముందుగా ఒక మాట. తీర్మానము తెచ్చినవారి భయము ఉత్తది కాదు. 2019 సెప్టెంబరులో కర్ణాటకలోని బెళగావి ప్రాంతమున ఒక యువకుడు పబ్జీ ఆట మానుమన్న తండ్రిని చంపెనని పత్రికలు వ్రాసినవి. 2022 జూనులో లక్నో నగరమున పదునారేండ్ల బాలుడు తల్లిని కాల్చి చంపగా, ఆట ఆడనీయకపోవుటయే కారణమని పోలీసులు చెప్పిరి. 2019 మార్చిలో గుజరాతులోని రాజకోట పోలీసులు ఆ ఆటను నిషేధించి, ఆడుచున్న పదిమందిని నిర్బంధించిరి. ఇట్టి వార్తలు చదివిన తల్లి తన కుమారుని చేతిలోని ఫోనును చూచి జడిసిన, ఆమెను తప్పుపట్టువారెవరు?

కాని ఆ వార్తలనే మరియొకమారు నిదానముగా చదువవలెను. లక్నోలో ప్రాణము తీసినది తెరమీది తుపాకి కాదు. తండ్రి లైసెన్సు పొంది ఇంట నుంచిన పిస్తోలు. అది పదునారేండ్ల బాలుని చేతికి అందినది. అదే ఆటను అదే కాలమున మన దేశమున కోట్లమంది ఆడిరి. కోట్లమందికి సమానమైన కారణము ఒక్కనియందే ఫలించెననిన, ఆ ఒక్కని ఇంట వేరొక కారణము ఉన్నదని అర్థము. ఒకే బస్తాలోని విత్తనము వేయిమంది చల్లగా ఒక్కని చేనిలో మాత్రమే ముండ్లు మొలిచిన, తెలిసిన రైతు విత్తనపు కొట్టుకు తగవుకు పోడు; తన నేలను త్రవ్వి చూచుకొనును.

ఆ ఆటను ప్రభుత్వమే నిషేధించినది కదా అని కొందరు మాతో అనిరి. నిజమే. 2020 సెప్టెంబరు 2వ తేదీన కేంద్ర ప్రభుత్వము పబ్జీని, దానితోపాటు మరి 117 చైనా సంబంధమైన యాప్‌లను నిషేధించెను. కాని చెప్పిన కారణము దేశ సార్వభౌమత్వము, భద్రత. పిల్లల హింస కాదు. ఆ ఆటయే పేరు మార్చుకొని 2021లో తిరిగి వచ్చినది.

ఈ ప్రశ్న మనకు క్రొత్తగాని, లోకమునకు క్రొత్త కాదు. అమెరికాలో 1993 డిసెంబరులో మోర్టల్ కోంబాట్ మొదలగు ఆటల క్రూరత్వముపై సెనేటు విచారణ జరిగెను. దాని ఫలితముగా 1994లో ఏ ఆట ఏ వయస్సువారికి తగునో పెట్టెమీద ముద్రించు పద్ధతి ఏర్పడెను. 1999లో కొలంబైన్ పాఠశాలలో ఇద్దరు విద్యార్థులు కాల్పులు జరిపినప్పుడు, వారు డూమ్ అను ఆట ఆడెడివారని తెలిసి దేశమంతయు ఆటలనే నిందించినది. అయినను ఆ ఆటలు ఇంటింటికి వ్యాపించిన ఆ సంవత్సరములలోనే అచ్చట యువకుల నేరములు తగ్గుచు వచ్చినవి. జపానులోను దక్షిణ కొరియాలోను ఈ ఆటలు ఎరుగని బాలుడు అరుదు. హత్యలు మిక్కిలి తక్కువగా జరుగు దేశములలో ఆ రెండును ఉన్నవి. ఆట రెండుచోట్లను ఉన్నది. తుపాకి విచ్చలవిడిగా దొరకుట మాత్రము అమెరికాలోనే ఉన్నది.

హింసాత్మకమైన ఆటలను బాలురకు అమ్మరాదని కాలిఫోర్నియా రాష్ట్రము చేసిన చట్టమును అమెరికా సుప్రీంకోర్టు 2011లో కొట్టివేసెను. పిల్లలకు తరతరములుగా చెప్పుచు వచ్చిన కథలలోను రక్తపాతము తక్కువ లేదని న్యాయమూర్తులు గుర్తుచేసిరి. శాస్త్రజ్ఞుల మాట యేమి? అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞుల సంఘము ఇట్టి ఆటలకును దురుసు మాటలు, దురుసు తలపులు, త్రోపులాటల వంటి వానికిని సంబంధము కలదని 2015లో చెప్పినది. దీనిని దాచుట న్యాయము కాదు. కాని నేరములకు, హత్యలకు ఆటలే కారణమనుటకు తగిన సాక్ష్యము లేదని ఆ సంఘమే చెప్పి, 2020లో మరియొక హెచ్చరిక చేసెను: హింసను ఆటల మీదికి నెట్టుట శాస్త్రసమ్మతము కాదనియు, అట్లు చేసిన అసలు కారణముల మీదినుండి మన దృష్టి తొలగిపోవుననియు దాని సారాంశము. మా అభిప్రాయమునకు మూలము ఈ చివరి మాటయే.

దీనికై అమెరికా వరకు పోనక్కరలేదు. పల్నాటి కథ తెలియని తెలుగు ఇల్లు ఉన్నదా? బ్రహ్మనాయుడును నాగమ్మయు కోడిపందెము వేసిరి. ఓడిన మాచెర్లవారు ఏడేండ్లు వలసపోయిరి. తుదకు కారెంపూడి రణరంగమైనది. అంత మాత్రమున పల్నాటి వీరులను చంపినది కోడిపుంజు అని ఎవరైన అందురా? అన్నదమ్ముల రాజ్యము రెండైననాడే ఆ యుద్ధము పుట్టినది. పుంజు దానికి నెపమైనది. భారతములోను పాచికలు నెపము. దుర్యోధనుని అసూయ మూలము. దుశ్శాసనుని రొమ్ము చీల్చిన భీముని కథను మన తాతలు ఒడిలోని పిల్లలకు చెప్పిరి. తోలుబొమ్మలలో, వీధినాటకములలో తెల్లవార్లు దానిని చూచిరి. ఆ పిల్లలెవరును పొరుగువాని రొమ్ము చీల్చలేదు. కథకును కార్యమునకును మధ్య నుండు గీత పిల్లలకు తెలియును. తెలియచెప్పు పెద్దలు చెంతనున్న మరింత బాగుగ తెలియును.

ఇక మన వీధిలోని జగడము సంగతి. కార్యవర్గ సభ్యులు ఇరువురి ఇండ్లకును పోయి విచారించిరి. పిల్లలిద్దరు ఒకే ఆటను ఒకే జట్టులో చేరి ఆడువారే. తగవు ఆటలో పుట్టలేదు. తండ్రుల మధ్య ఆస్తి పంపకములు రెండేండ్లుగా తెగలేదు; రెండిండ్లలోను భోజనముల వేళ ఎదుటివారిని గూర్చి పలుకరాని మాటలు పలుకబడుచున్నవి. ఆ మాటలనే ఒక బాలుడు వీధిలో పైకి అనెను. రెండవవాడు కర్ర ఎత్తెను. ఫోనును నిందించినంత సులభముగ పంపకములను తెగగొట్టలేము గనుక, నేరమును ఫోను మీద వేసితిమి. వ్యాపారము చేయువారికి ఈ పొరపాటు ఎట్టిదో వెంటనే తెలియును. ఒకరి అప్పును మరియొకరి ఖాతాలో వ్రాసిన, అప్పు తీరదు. లెక్క మాత్రము చెడును.

మన ప్రాంతమున ఇంతకంటె గొప్ప ఉదాహరణము ఉన్నది. 2023 ఆగస్టులో తిరునల్వేలి జిల్లా నాంగునేరిలో పండ్రెండవ తరగతి చదువుచున్న ఒక దళిత బాలుని, అతనితో చదివిన పిల్లలే కొడవళ్లతో ఇంటికి వచ్చి నరికిరి. అడ్డుపడిన చెల్లెలిని సైతము విడువలేదు. దైవకృపచే వారిద్దరు బ్రతికిరి. పాఠశాలలలో కులకక్షలను ఎట్లు మాన్పవలెనో చెప్పుటకై రాష్ట్ర ప్రభుత్వము విశ్రాంత న్యాయమూర్తి కె. చంద్రు గారిని నియమించెను. వారు 2024 జూనులో ఇచ్చిన నివేదికలో మణికట్టుకు కట్టు రంగుల దారములను, కులమును చాటు గుర్తులను బడులలో మాన్పింపవలెననియు, పాఠశాలల పేర్లలో కులము పేరు తొలగింపవలెననియు సూచించిరి. ఆన్‌లైను ఆటల వలని కీడును విచారించుటకు 2022 జూనులో ప్రభుత్వము నియమించిన కమిటీకి అధ్యక్షులును వీరే. ఆటల చెరుపును అడిగినప్పుడు వారు డబ్బు పోవుటను, కుటుంబములు కూలుటను చూపిరి. పిల్లల కొడవళ్లను గూర్చి అడిగినప్పుడు కులద్వేషమును చూపిరి. రెండు జబ్బులకు రెండు మందులు. మనము వానిని ఒకటిగ కలుపుట తగదు.

అట్లని ఆటలు నిర్దోషులని మేము అనము. వాని అసలు దోషములు వేరు. మొదటిది కాలహరణము. అర్ధరాత్రి రెండు గంటల వరకు ఆడిన పిల్లవాడు తరగతిలో నిద్రించును. నిద్ర చాలని పిల్లవాడు తల్లి మాటకు కసరును. ఆటను అదుపులో ఉంచుకొనలేని స్థితిని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో రోగములలో చేర్చెను. 2022 జనవరి 1 నుండి అది అమలులోనికి వచ్చినది. ఆడు వారందరును రోగులని దీని భావము కాదు. చదువు, నిద్ర, తిండి అన్నియు ఆటకు బలియగుచున్నను నెలల తరబడి మానలేనివారిని గూర్చియే ఆ మాట.

రెండవది ధనము. రమ్మీ, పోకరు వంటి డబ్బాటలు కుటుంబములను కూల్చుటచేతనే తెలంగాణము 2017లోను, ఆంధ్రప్రదేశ్ 2020లోను, మన తమిళనాడు 2023లోను చట్టములు చేసినవి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికిని వర్తించునట్లు డబ్బాటలను నిషేధించు చట్టము చేసెను. తుపాకి ఆటలలోను ఒక చిన్న ద్వారమున్నది: దుస్తులకని, ఆయుధములకని పదిరూపాయలు, ఏబదిరూపాయలు తీసికొనుచుందురు. తండ్రి బ్యాంకు ఖాతా కొడుకు చేతి ఫోనులో తెరచియుంచుట, గల్లాపెట్టె తాళము కొట్టుగుమ్మమున వ్రేలాడదీయుట వంటిది.

మూడవ దోషము ఆటది కాదు, మనది. మన ఊరు మిల్లుల ఊరు. ప్రత్తి మిల్లులు మూడు షిఫ్టులు నడచును. సత్రపట్టి వైపు కట్టుగుడ్డ నేయు మరమగ్గములకును విశ్రాంతి లేదు. బజారులో మావంటివారు రాత్రి పదింటికిగాని కొట్టు కట్టరు. పసిబిడ్డకు గోరుముద్ద తినిపించుటకు ఫోను, ఏడ్చిన ఊరడించుటకు ఫోను, చుట్టములు వచ్చినప్పుడు అల్లరి చేయకుండుటకు ఫోను ఇచ్చితిమి. పదునైదేండ్లు నిండిన పిదప అదే ఫోనును చూచి దయ్యమని కేకలు వేయుచున్నాము. మన బాలుడు అర్ధరాత్రి చెవులకు తగిలించుకొని ముక్కు మొగము ఎరుగనివారితో మాటాడుచున్నాడన్నచో, ఆ ఇంట పగలు అతనితో నాలుగు మాటలు తెలుగున పలికినవారు ఎందరో లెక్క చూచుకొనవలెను.

కనుక విద్యాసహాయమును నిలుపుట వలన ఒనగూరునదేమి? ఫోను ఆగదు; చదువు ఆగును. బీదవాని కుమారుడు శిక్షింపబడును; సహాయము అవసరము లేనివాని కుమారుడు ఆడుచునే యుండును. తరతరములుగా ఈ తమిళదేశమున మనము నిలిచినది చదువు వలన, శ్రమ వలన, ఒకరికొకరు ఆసరాగ నుండుట వలన. తన గృహమునే గాంధీ కళామండ్రమునకు ఇచ్చిన పి.ఎస్. కుమారస్వామి రాజా గారి ఊరిలో, ఒక ఆట నెపమున పిల్లవాని పుస్తకములు లాగికొనుట మనకు శోభింపదు.

ఆ తీర్మానమునకు మారుగ మేము మూడు పనులు సూచించుచున్నాము. మొదటిది: ప్రతి ఇంట రాత్రి పదింటికి ఫోనులన్నియు, తండ్రి ఫోనుతో సహా, హాలులో ఒకచోట నుంచవలెను. బ్యాంకు రహస్య సంఖ్యలు పిల్లలకు తెలుపరాదు. ఏ ఆట ఏ వయస్సునకని వ్రాసియున్నదో తల్లిదండ్రులు చదువవలెను. ఒకనాడు ప్రక్కన కూర్చుండి ఆ ఆట యేదో చూడవలెను. రెండవది: మన చావడులు సాయంకాలములందు తాళములు వేసియున్నవి. వానిని తెరచి, కబడ్డీ, కర్రసాము, చదరంగము నేర్పు యువకులకు సంఘము చిన్న వేతనము ఇయ్యవలెను. కోరినచో వారమునకొకనాడు అచ్చటనే, పదిమంది ఎదుట, ఫోను ఆటల పోటీలును పెట్టవచ్చును. చాటున ఆడునది పదిమంది ఎదుట ఆడిన సగము విషము విరుగును. మూడవది, అన్నిటికంటె ముఖ్యమైనది: దాయాదుల మధ్య తెగని పంపకములను, ఏండ్ల తరబడి మాటలు లేని ఇండ్లను కార్యవర్గ పెద్దలు పట్టికవేసి, ఒక్కొక్కటిగ కూర్చుండి పరిష్కరింపవలెను. పిల్లలు కర్రలెత్తకుండ చేయుటకు ఇంతకంటె దగ్గరి దారి లేదు.

సర్వసభ్య సమావేశమునకు వచ్చు సభ్యులు చేయెత్తుటకు ముందు, గడచిన వారము తమ ఇంట పిల్లల చెవిని పడిన మాటలను ఒక్కమారు జ్ఞప్తికి తెచ్చుకొందురు గాక. ఆ పిమ్మట కూడ నేరము ఆటదేనని తోచిన, వారి ఓటు వారిష్టము.