నిరాయుధీకరణకు ముందే ఎన్నికలా?

అంతర్యుద్ధం ముగిసిన గడ్డపై మాజీ సైనికులు ఎన్నికల బరిలో దిగడం దోషం కాదు. ప్రజాతీర్పుకు తలవంచుతామని వారు ముందుకు రావడం శాంతికి శుభసూచకమే. కానీ పాత దళాలు, ఆయుధాలు వారి వెంట పోలింగ్ కేంద్రం దాకా నడిచివస్తే జరిగే అనర్థానికి 1876 నాటి అమెరికాలోని దక్షిణ కరోలినా గవర్నర్ ఎన్నికే సాక్ష్యం.

తలపడిన ఇద్దరూ యుద్ధం చేసినవారే. డెమోక్రాట్ అభ్యర్థి వేడ్ హాంప్టన్ దక్షిణాది తిరుగుబాటు సైన్యంలో అశ్వికదళ సేనాని. రిపబ్లికన్ గవర్నర్ డేనియల్ చాంబర్లేన్ సమాఖ్య పక్షాన నల్లజాతి అశ్వికదళంలో అధికారి. యుద్ధం ముగిసి పదకొండేళ్లయినా, నల్లజాతీయులే అధికసంఖ్యాకులైన ఆ రాష్ట్రంలో వారికి దక్కిన ఓటును పాత పాలకవర్గం అంగీకరించలేదు.

జూలైలో హాంబర్గ్ పట్టణంలో మాజీ తిరుగుబాటు సేనాని మాథ్యూ బట్లర్ నల్లజాతి మిలీషియాను ఆయుధాలు అప్పగించమన్నారు. వారు నిరాకరించడంతో కాల్పులు మొదలయ్యాయి. పట్టుబడినవారిలో కొందరిని పేరుపెట్టి పిలిచి మరీ చంపారు. ఒక్కరికీ శిక్ష పడలేదు. ఆగస్టులో ఎడ్జ్‌ఫీల్డ్‌లో చాంబర్లేన్ సభకే సాయుధులు గుర్రాలపై వచ్చి, ప్రసంగ సమయంలో తమకూ వాటా కావాలని పట్టుబట్టారు. హాంప్టన్ మద్దతుదారుల సాయుధ దళాలైన రైఫిల్ క్లబ్బులు చెదిరిపోవాలని అక్టోబరులో అధ్యక్షుడు గ్రాంట్ ఆదేశిస్తే, అవి బేస్‌బాల్ క్లబ్బులుగా, సంగీత సంఘాలుగా పేర్లు మార్చుకున్నాయి. తుపాకులు మాత్రం అలాగే ఉన్నాయి.

నాటి ప్రభుత్వంలో అవినీతి ఉన్నమాట నిజం. నల్లజాతీయుల హక్కులు కాపాడతానని హాంప్టన్ సభల్లో హామీ ఇచ్చినమాటా నిజం. అయితే ఆ హామీని నిలబెట్టే శక్తి ఆయన్ను గెలిపించడానికి ఊరూరా తిరిగిన దళాల చేతుల్లో ఉంది. ఎడ్జ్‌ఫీల్డ్ కౌంటీలో ఓటర్లకన్నా ఓట్లే ఎక్కువ పోలయ్యాయి. రాష్ట్రమంతటా తేడా సుమారు 1,100 ఓట్లే. ఇద్దరూ ప్రమాణస్వీకారం చేశారు. ఇరుపక్షాలకూ వేర్వేరు ప్రతినిధుల సభలు కొలువుదీరాయి. 1877 ఏప్రిల్‌లో శాసనసభా భవనం నుంచి సమాఖ్య సైనికులు వైదొలగగానే చాంబర్లేన్ పదవి విడిచారు. హాంబర్గ్ దాడిలో పాల్గొన్న బెన్ టిల్మన్ 1890లో గవర్నర్‌గా ఎన్నికయ్యారు. ఆయన పట్టుబట్టి తెచ్చిన 1895 రాజ్యాంగం నల్లజాతీయుల ఓటును దాదాపు తుడిచిపెట్టింది. 1965 నాటి ఓటు హక్కు చట్టం దాకా ఆ గాయం మానలేదు.

నేడు అంతర్యుద్ధం నుంచి బయటపడుతున్న దేశాల్లోనూ ఇదే ప్రమాదం పొంచి ఉంది. సేనానులు పార్టీ నాయకులవుతున్నారు. దళాలు కార్యకర్తల పేరుతో కొనసాగుతున్నాయి. త్వరగా ఎన్నిక జరిపించి తప్పుకోవాలన్న తొందర అంతర్జాతీయ సంస్థలకు తగదు. దళాన్ని రద్దుచేసి ఆయుధాలు అప్పగించిన అభ్యర్థికే ఎన్నికల యంత్రాంగం నామినేషన్ అనుమతించాలి. ప్రచార హత్యలపై న్యాయస్థానాలు పోలింగ్‌కు ముందే విచారణ మొదలుపెట్టాలి. శాంతిపరిరక్షక దళాలకు సైనికులను పంపుతున్న మన దేశం కూడా ఈ నిబంధనల కోసం గట్టిగా పట్టుబట్టాలి. ఫలితంపై వివాదం తేలి, ఓడినవారి ఓటర్లు నిర్భయంగా ఊళ్లలో తిరగగలిగేదాకా రక్షక బలగాలను ఉపసంహరించకూడదు.